వెలుగుకు అడ్డు రాని పదార్థం

హైదరాబాదు బంజారా హిల్స్‌లో ఇళ్ళకీ ఆఫీసులకీ మధ్య ఇంకా అక్కడక్కడా మిగిలిన గ్రానైటు బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఆ బండ పలుకొకటి చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పితే క్వార్ట్జ్ స్ఫటికాలు మిలమిలలాడతాయి. విడిగా తీస్తే అందులోని మేలైన క్వార్ట్జ్ వెలుగును దాదాపు అడ్డు లేకుండా పోనిస్తుంది. బండ మాత్రం పోనివ్వదు. పలుకుకీ పలుకుకీ మధ్య సరిహద్దు ఉంది. ప్రతి సరిహద్దు దగ్గరా వెలుగు కొంత వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత పక్కకి చెదురుతుంది. వేల సరిహద్దులు దాటేసరికి కిరణం తానెటు బయలుదేరిందో మరిచిపోతుంది.

ఈ కొండల మీదే, రోడ్ నంబర్ 2లో, 1987లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలైంది. అమెరికాలో కార్నియా వైద్యంలో పేరు తెచ్చుకుని తిరిగొచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు దాని వ్యవస్థాపకుడు. అక్కడ రోజూ మనుషుల కళ్ళలోకి కొన్ని పాలిమర్లు వెళ్తుంటాయి. శుక్లం తీసిన చోట అమర్చే కటకం, నల్లగుడ్డు మీద పరిచే మెత్తని లెన్సు, కొన్ని వారాల్లో కరిగిపోయే కుట్టుదారం. వైద్యం వైపు నుంచి వీటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను వీటిని ఒక కావ్యాన్ని చదివినట్టు చదవాలనుకుంటున్నాను. ఎందుకంటే బండలో వెలుగును చెదరగొట్టిన ఆ సరిహద్దును రసాయన శాస్త్రవేత్త ఎలా చెరిపేశాడన్న ప్రశ్నలో, మంచి పద్యం ఎత్తుగడలో ఉండేంత చమత్కారం ఉంది.

మొదట పర్‌స్పెక్స్. అసలు పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్. 1930లలో బ్రిటన్‌లో ఆ పేరుతో, జర్మనీ, అమెరికాల్లో ప్లెక్సిగ్లాస్ అన్న పేరుతో బయటికి వచ్చింది. దీని అణువు ఒక పొడవాటి కర్బన గొలుసు. గొలుసు పక్కన కొమ్మలు ఉంటాయి. ఆ కొమ్మలు ఒక చోట ఇటు, ఇంకో చోట అటు, ఏ వరుసా లేకుండా తిరిగి ఉంటాయి. అలాంటి గొలుసులు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకోలేవు. సర్దుకోలేవు కాబట్టి స్ఫటికం కట్టదు. స్ఫటికం లేదు కాబట్టి సరిహద్దు లేదు. వచ్చిన వెలుగులో 92 శాతం అవతలికి వెళ్ళిపోతుంది. మిగిలిన ఎనిమిది శాతం కూడా లోపల పోయింది కాదు. ముందు ముఖం దగ్గర సగం, వెనక ముఖం దగ్గర సగం తిరిగి వచ్చింది. లోపల ఆ పదార్థం కిరణాన్ని ఒక్క ప్రశ్నా అడగలేదు.

దీని పక్కన పాలీప్రొపిలీన్‌ని పెట్టి చూడాలి. 1954లో ఇటలీలో జూలియో నత్తా కొమ్మలన్నీ ఒకే వైపు తిరిగి ఉండేలా ఆ గొలుసును కట్టాడు. పాలిమర్ రసాయనంలో అదొక మహాఘట్టం. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఆ క్రమశిక్షణ వల్లే గొలుసులు దగ్గరికి చేరి స్ఫటికాలు కడతాయి, మళ్ళీ సరిహద్దులు పుడతాయి, మందంగా పోత పోస్తే పాలలా తెల్లబడుతుంది. వరుస తప్పినది తేటపడింది, వరుసలో నిలిచినది మసకబారింది. పర్‌స్పెక్స్ అందం దాని అస్తవ్యస్తంలో ఉందన్నమాట. ఎంత నిండైన అస్తవ్యస్తమంటే, ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. వెలుగుకు తేడా తెలియడానికి ఒక్క గుర్తు కూడా దొరకదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధవిమానాల పైకప్పులు పర్‌స్పెక్స్‌తో చేసేవారు. తూటాలు తగిలి అవి పగిలినప్పుడు ముక్కలు పైలట్ల కళ్ళలోకి దూసుకుపోయాయి. లండన్ కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ ఆ గాయాలను చూస్తూ ఒక విషయం పట్టుకున్నాడు: ఆ ముక్కలను కన్ను పెద్దగా కోపగించకుండా భరిస్తోంది. 1949 నవంబర్ 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో, శుక్లం తీసిన కంట్లో పర్‌స్పెక్స్ కటకాన్ని మొదటిసారి అమర్చాడు. తోటి వైద్యులు ఏళ్ళ తరబడి ఆయన్ని తప్పుపట్టారు. సర్ బిరుదు 2000లో వచ్చింది. మరుసటి ఏడు ఆయన కన్నుమూశాడు. ఈ కథలో నన్ను కదిలించేది ఆ చూపే. గాయంలో దిగిన శత్రువును చూస్తూ, ఇది శత్రువులా ప్రవర్తించడం లేదే అని గమనించడం గొప్ప పాఠకుడు చేసే పని. మన ఊళ్ళలో శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని తిరిగిన కాలం చాలామందికి ఇంకా గుర్తే. ఆ అద్దాలను మన ముఖాల మీంచి తీసేసింది ఈ పదార్థమే. 1992లో మదురైలో ఆరోల్యాబ్ మొదలై తక్కువ ధరకు ఈ కటకాలు తయారుచేయడంతో అది మామూలు మనిషికీ అందింది.

ఇక కన్ను తన సొంత తేటదనాన్ని ఎలా సాధించుకుందో చూస్తే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అర మిల్లీమీటరు మందం. అందులో ముప్పాతిక వంతుకు పైగా నీరు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్. చర్మంలో, ఎముకలో, కీళ్ళను కట్టే స్నాయువుల్లో ఉన్న కొల్లాజెన్ లాంటిదే. అదీ పాలిమరే, దేహం అల్లుకున్న పాలిమర్. తెల్లగుడ్డులోనూ అదే ఉంది, అక్కడ పోగులు లావూ సన్నమూ కలిసిపోయి చిందరవందరగా ఉండటంతో తెల్లగా కనిపిస్తుంది. కార్నియాలో మాత్రం ప్రతి పోగూ దాదాపు ఒకే సన్నం, సుమారు 25 నుంచి 30 నానోమీటర్లు. పోగుకీ పోగుకీ మధ్య దూరం కూడా దాదాపు ఒకటే. 1957లో డేవిడ్ మారిస్ దీని రహస్యం చెప్పాడు: ప్రతి పోగూ వెలుగును కొంత చెదరగొడుతుంది, కానీ ఆ క్రమం వల్ల పక్కలకి చెదిరిన అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ముందుకు పోయే అల ఒక్కటే మిగులుతుంది.

అంటే కన్ను క్రమంతో తేటపడింది, పర్‌స్పెక్స్ అస్తవ్యస్తంతో తేటపడింది. రెండు పూర్తిగా వ్యతిరేకమైన దారుల్లో ఒకే రసానికి చేరిన రెండు కావ్యాలు ఇవి. వాటిని ఒకదాని వెనక ఒకటి ఒకే కంట్లో పెట్టి, వాటి గుండా ఒక మనిషి తన మనవరాలి ముఖం చూస్తున్నాడంటే, దాన్ని మించిన జుగల్‌బందీ నాకు తెలియదు.

ఆసుపత్రికి ఆ పేరు ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. సినిమా దర్శకుడు, నిర్మాత ఎల్.వి. ప్రసాద్ స్థలమూ కోటి రూపాయలూ ఇచ్చారు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి వెళ్ళి, 1931లో ‘ఆలం ఆరా’లోనూ ‘కాళిదాస్’లోనూ, తర్వాత ‘భక్త ప్రహ్లాద’లోనూ చిన్న వేషాలు వేసి, హిందీ, తమిళం, తెలుగు మూడింటి తొలి టాకీల్లోనూ కనిపించిన మనిషి. దాతగా ఆయన్ని తలుచుకునేటప్పుడు ఎవరూ పెద్దగా చెప్పుకోని ఒక సంగతి నా మనసులో తిరుగుతూ ఉంటుంది. ఆయన జీవితమంతా ఒక పారదర్శకమైన పాలిమర్ మీదే గడిచింది.

సెల్యులాయిడ్ అంటే పత్తిలోని సెల్యులోజ్‌ను నైట్రిక్ ఆమ్లంతో మార్చి, కర్పూరం కలిపి మెత్తబరచిన పదార్థం. మనం హారతి వెలిగించే కర్పూరమే. ఆ కర్పూరం గొలుసుల మధ్య దూరి వాటిని ఒకదాని మీద ఒకటి జారనిస్తుంది. అందుకే రీలు చుట్టగలిగేంత మెత్తదనం వచ్చింది. టాకీల తొలిరోజుల్లో బొమ్మ ఆడింది ఆ నైట్రేట్ ఫిల్మ్ మీద. నిప్పు రవ్వ చాలు భగ్గుమనడానికి; దాచినా కొన్నేళ్ళకు దానంతటదే చెడిపోతుంది. ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటీ మిగల్లేదు. 1950లలో ప్రపంచం సెల్యులోజ్ ఎసిటేట్‌కి మారింది. అంత తేలిగ్గా అంటుకోదు, కానీ పాతబడితే వెనిగర్ వాసన వేస్తుంది. 1955లో ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’లో మార్కస్ బార్ట్లే కెమెరా పట్టిన వెన్నెల ఎంత చల్లగా ఉంటుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ వెన్నెల తెర మీదికి రావాలంటే ప్రొజెక్టర్ దీపం ప్రతి చట్రంలోనూ ఆ పల్చటి పొరను దాటాలి. పొరలో ఒక మచ్చ ఉన్నా వెన్నెల మీద మచ్చ పడుతుంది. దశాబ్దాల తరబడి వెలుగు దాటే పొర మీద బతికిన మనిషి, వెలుగు దాటలేని కళ్ళకోసం తన సంపాదనలో భాగం ఇచ్చాడు. ఇందులో ఉద్దేశం ఉందని నేననను. కానీ ఔచిత్యం ఉంది. మన ఆలంకారికులు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నారు. జీవితాల్లోనూ అప్పుడప్పుడు అది దానంతటదే కుదురుతుంది.

ఆసుపత్రి ప్రాంగణానికి, రసాయన ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ చేసి మందుల పరిశ్రమ కట్టిన కల్లం అంజిరెడ్డి పేరు ఉండటం కూడా నాకు ఇలాంటి కుదురుబాటుగానే కనిపిస్తుంది. లోపల కాంటాక్ట్ లెన్స్ విభాగానికి బాష్ అండ్ లాంబ్ పేరు ఉంది. ఆ పేరు దగ్గరే నా అసలు కథానాయకుడు నిలబడి ఉన్నాడు. అతను ఎన్నడూ ఆ కంపెనీవాడు కాదు. పేరు ఒట్టో విఖ్తెర్లె. చెక్ దేశపు పాలిమర్ రసాయనవేత్త.

1913లో ప్రొస్త్యెయోవ్‌లో పుట్టాడు. ప్రాగ్‌లో చదివాడు. 1939 నవంబర్‌లో నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలను మూసేస్తే జ్లీన్ పట్టణంలో బాట్యా చెప్పుల కంపెనీ పరిశోధనశాలలో చేరాడు. మన ఊళ్ళలో బాటాగా తెలిసిన కంపెనీయే. అమెరికాలో కరోథర్స్ కనిపెట్టిన నైలాన్‌కి చెక్ దేశపు జవాబుగా సిలోన్ అనే పోగును అక్కడే తయారుచేశాడు. 1942లో గెస్టపో పట్టుకుపోయి కొన్ని నెలలు చెరలో పెట్టింది. యుద్ధం తర్వాత ప్రాగ్‌లో పాఠాలు చెప్పాడు. 1958లో రాజకీయ కారణాలతో కొలువు నుంచి తొలగించారు. అంతటి పరిశోధకుణ్ణి పూర్తిగా వదులుకోలేక, కొత్తగా పెట్టిన స్థూలాణు రసాయన సంస్థను నడపమన్నారు.

మెత్తని లెన్సుకి బీజం అంతకుముందే, 1952లో రైల్లో పడింది. పక్కన కూర్చున్నతను ఒక వైద్య పత్రికలో కంట్లో అమర్చే టాంటలమ్ లోహం గురించి చదువుతున్నాడు. దేహం పరాయి లోహాన్ని ఎన్నాళ్ళు భరిస్తుంది? నీటిని తనలోకి పీల్చుకునే పాలిమర్ అయితే కణజాలం దాన్ని తనదిగా అనుకుంటుందని విఖ్తెర్లె వాదించాడు. ఆ మాటను ఊరికే వదిలెయ్యలేదు. శిష్యుడు ద్రహొస్లావ్ లీమ్‌తో కలిసి పని మొదలుపెట్టాడు. వాళ్ళ చేతికి వచ్చిన అణువు పర్‌స్పెక్స్‌కి దగ్గర చుట్టమే. గొలుసు అదే, కొమ్మ అదే. కొమ్మ చివర ఉండే మిథైల్ తీసి, రెండు కర్బనాల చిన్న చెయ్యి, ఆ చేతి కొసన హైడ్రాక్సిల్. అంతే మార్పు. హైడ్రాక్సిల్ నీటిని పిలుస్తుంది. గొలుసుల మధ్య అక్కడక్కడా వేసిన అడ్డముళ్ళు ఆ నీటికి గొలుసులు కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. ఎండినప్పుడు పర్‌స్పెక్స్‌లాగే గట్టిగా, పెళుసుగా ఉండేది నీళ్ళలో వేస్తే ఉబ్బి, వంద పాళ్ళలో 38 పాళ్ళు నీరు నింపుకుని, బాగా మెత్తబడుతుంది. తేటదనం మాత్రం ఎండినప్పుడూ తడిసినప్పుడూ ఒక్కటే. ఉడికిన సగ్గుబియ్యం నీరు తాగి అద్దంలా మారడం ఎరిగినవాళ్ళకి ఇందులోని సగం సంగతి ముందే తెలుసు. అక్కడ నీరు స్ఫటికాన్ని విడదీసి తేటపరుస్తుంది, ఇక్కడ నీరు చేరినా ఉన్న తేటదనం చెడదు.

ఎందుకు చెడదన్నదే దీనిలో శిల్పం. నీరూ పాలిమరూ వక్రీభవనంలో ఒకటి కావు. వాటి మధ్య సరిహద్దులు తప్పవు. కానీ ఈ జెల్‌లో నీరు నిలిచే గదులు నానోమీటర్లలో ఉంటాయి. కంటికి కనిపించే వెలుగు అల పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. అంత పెద్ద అలకి అంత చిన్న గది తట్టదు. సరిహద్దును చెరపలేదు, వెలుగు దృష్టికి ఆననంత చిన్నది చేశారు. పర్‌స్పెక్స్ కంటే ఇది సూక్ష్మమైన పని అని నా అభిప్రాయం. అక్కడ తేడాలే లేవు, ఇక్కడ తేడాలున్నాయి కానీ తేడాగా ధ్వనించవు.

ఇందులో నీటి లెక్క తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాలి. పాలిమర్ కట్టేటప్పుడే సగానికి అటూ ఇటూగా నీళ్ళు కలిపితే, పుట్టే గొలుసులు ఆ నీటిలో ఇమడలేక విడిపోతాయి. గదులు పెద్దవైపోతాయి. పదార్థం తెల్లటి స్పాంజిలా మారుతుంది. చెడిపోయిందని పారెయ్యాల్సింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో త్రయాన్ కిరిలా బృందం ఆ తెల్ల స్పాంజినే ఒక కృత్రిమ కార్నియాకి అంచుగా వాడింది. నడుమ తేట జెల్, చుట్టూ అదే అణువుతో స్పాంజి. నడుమ నుంచి వెలుగు పోతుంది, అంచులోని రంధ్రాల్లోకి రోగి కంటి కణాలు పాకి దాన్ని పట్టుకుంటాయి. ఒకే మాట రెండర్థాల్లో పనిచేసే శ్లేష మనకి పద్యాల్లో తెలుసు. ఒకే అణువు, నీటి పాళ్ళ తేడాతో, ఒక చోట కిటికీ, ఇంకో చోట గోడ. పదార్థంలో అంత చక్కటి శ్లేష నేను మరెక్కడా చూడలేదు.

విఖ్తెర్లె, లీమ్‌లు 1960లో ‘నేచర్’ పత్రికలో తమ జెల్ గురించి ప్రకటించారు. కానీ పదార్థం దొరికినంతలో లెన్సు రాలేదు. రెండు అచ్చుల మధ్య పోసి తీస్తే అంచులు చిరిగేవి. చిరిగిన అంచు రెప్ప వేసినప్పుడల్లా గుచ్చుకుంటుంది. ఫలితం లేదని ఆరోగ్యశాఖ 1961లో ఆ ప్రయత్నానికి మద్దతు తీసేసింది. ఆ ఏడాది క్రిస్మస్‌కి విఖ్తెర్లె ఇంట్లో, వంటింటి బల్ల మీద, పిల్లల మెర్కూర్ బొమ్మల సెట్టు ఇనుప పట్టీలతో ఒక చిన్న యంత్రం బిగించాడు. తిప్పడానికి సైకిల్ డైనమో. గిన్నెలాంటి చిన్న అచ్చులో ద్రవరూపంలో ఉన్న మోనోమర్ చుక్కలు వేసి, అచ్చును తిప్పుతూ, తిరుగుతుండగానే గట్టిపడనిచ్చాడు. నాలుగు లెన్సులు వచ్చాయి. తన కళ్ళలోనే పెట్టుకుని చూశాడు. గుచ్చుకోలేదు. తర్వాతి నాలుగు నెలల్లో ఆయనా, భార్య లిందా కలిసి ఇంట్లోనే 5,500 లెన్సులు చేశారు.

ఇక్కడ కాసేపు నిలవాలి. తిరిగే గిన్నెలో ద్రవం అంచుల వైపు పాకి నడుమ గుంట పడుతుంది. బయటికి లాగే బలం, కిందికి లాగే భూమి, ఉపరితలాన్ని బిగపట్టే తన్యత, ఈ మూడూ రాజీపడ్డ ఆకారం అది. గణితంలో పరావలయాన్ని తిప్పితే వచ్చే ఆకారం. దాన్ని ఎవరూ చెక్కలేదు, సానపట్టలేదు. వేగం ఎంతో, లెన్సు వంపు అంత. ఆ కదలిక జరుగుతుండగానే గొలుసులు కట్టుకుని, ముళ్ళు పడి, ఆకారం నిలిచిపోతుంది. అంచు దగ్గర ద్రవం తనంతట తాను పల్చబడి ముగుస్తుంది కాబట్టి చిరుగు లేదు. రెప్పకి తగిలేది నీటి చుక్క తన ఇష్టంతో గీసుకున్న అంచు. లెన్సు బయటి ముఖం అచ్చుది, లోపలి ముఖం ద్రవానిది. చూపును సరిచేసే బలం ఆ రెండు వంపుల తేడాలో ఉంటుంది. చలనాన్ని ఆపకుండా, చలనం ఆకారాన్నే శాశ్వతం చేసిన పని ఇది. నటరాజ విగ్రహంలో చోళ శిల్పి కంచుతో సాధించిందానికి ఇది రసాయనంలో దీటుగా నిలుస్తుందని నేను నమ్ముతున్నాను.

పేటెంట్లు అమెరికాకి వెళ్ళాయి. బాష్ అండ్ లాంబ్ అనుమతి తెచ్చుకుని 1971లో మెత్తని లెన్సులు అమ్మకానికి పెట్టింది. ఇటు విఖ్తెర్లె 1968లో ప్రాగ్ వసంతం అన్న సంస్కరణల ఉద్యమం నాటి ‘రెండు వేల మాటలు’ ప్రకటనపై సంతకం చేశాడు. దాంతో 1970లో సంస్థ అధిపతి పదవి పోయింది. కోట్లమంది కళ్ళ మీద తన జెల్ పరుచుకుంటున్న కాలంలో ఆయన తన దేశంలో పక్కకి నెట్టేసిన మనిషి. 1990లో, పాలన మారాక, చెకొస్లొవాక్ సైన్స్ అకాడమీకి అధ్యక్షుడయ్యాడు. 1998లో కన్నుమూశాడు. ఆయన పేరుతో ఒక గ్రహశకలం ఉంది.

మళ్ళీ బంజారా హిల్స్‌కి వద్దాం. ఆ ఆసుపత్రికి వచ్చే కంటి గాయాల్లో సున్నం గాయం ఒకటి. తాంబూలంలో వేసే సున్నం పొట్లం చిన్న పిల్లల చేతిలో పిగిలి కంట్లో చిమ్ముతుంది. క్షారం కార్నియాని కాలుస్తుంది. దానికంటే లోతైన నష్టం ఏమిటంటే, నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచులో ఉండే మూలకణాలు చచ్చిపోతాయి. కార్నియా పైపొరను రోజూ కొత్తగా నేసేవి అవే. అవి పోతే తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలతో సహా, నల్లగుడ్డు మీదికి పాకుతుంది. కిటికీ మూసుకుపోతుంది. ఈ ఆసుపత్రిలో వీరేందర్ సంగ్వాన్, సయాన్ బసు, డి. బాలసుబ్రమణియన్, షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన షీలా మాక్‌నీల్ కలిసి 2012లో ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. రోగి బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని చిన్న చిన్న తునకలు చేస్తారు. ఉమ్మనీటి సంచి నుంచి తీసిన పొరను దెబ్బతిన్న కంటి మీద పరిచి, రక్తం గడ్డకట్టడంలో పుట్టే ఫైబ్రిన్ జిగురుతో ఆ తునకలను నాటుతారు. అన్నిటికీ పైన మెత్తని కాంటాక్ట్ లెన్సు కట్టుగా పెడతారు.

ఆ వరుసను పైనుంచి కిందికి చదివితే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పైన విఖ్తెర్లె వంశపు జెల్. ఈ రోజుల్లో ఎక్కువగా సిలికోన్ కలిపినది, ఎందుకంటే కార్నియాకి రక్తనాళాలు లేవు, ఆక్సిజన్‌ను చాలావరకు గాలి నుంచే తీసుకోవాలి, పాత జెల్ దాన్ని తక్కువగా పోనిస్తుంది. దాని కింద ఫైబ్రిన్ అనే పాలిమర్. దాని కింద ఒక తల్లి గర్భంలో బిడ్డను చుట్టి ఉంచిన పొర, అందులోనూ కొల్లాజెన్. అన్నిటికీ అడుగున గాయపడ్డ కార్నియా కొల్లాజెన్. ప్రయోగశాలలో కట్టినదీ, దేహం కట్టినదీ ఒకదాని మీద ఒకటి, ఒకే పనికి. మూలకణాలు పాకి కొత్త పైపొర నేసేదాకా లెన్సు వాటిని రెప్ప రాపిడి నుంచి కాపాడుతుంది. పని అయ్యాక తీసేస్తారు.

ఉమ్మనీటి పొర దొరకడం, నిలవచెయ్యడం అన్ని చోట్లా అయ్యే పని కాదు. అందుకే మాక్‌నీల్ బృందమూ హైదరాబాదు పరిశోధకులూ దాని స్థానంలో పీఎల్‌జీఏ పొరను ప్రయత్నించారు. కరిగిపోయే కుట్టుదారాల కుటుంబంలోనిదే ఈ పాలిమర్. విద్యుత్ క్షేత్రంలో ద్రావణపు చుక్కను లాగితే అది అతి సన్నని దారమై, గుట్టగా పడి, కాగితంలాంటి పొర అవుతుంది. ఈ నానోదారాల విద్యలో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో పనిచేసిన మన తెలుగువాడు సీరం రామకృష్ణ పేరు ప్రపంచమంతా తెలుసు. ఆయన సహరచయితగా 2003లో వచ్చిన సమీక్షా వ్యాసం ఆ రంగంలోకి వచ్చేవాళ్ళకి తొలి పాఠం లాంటిది. పీఎల్‌జీఏ గొలుసును నీరే కొరుకుతుంది. ముక్కలు లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలై దేహంలో కలిసిపోతాయి. కణాలకి నిలబడే చోటిచ్చి, అవి తమ కాళ్ళ మీద నిలిచేసరికి తాను లేకుండా పోయే పదార్థం. రిడ్లీ పర్‌స్పెక్స్ బతికినంతకాలం కంట్లో ఉండాలని పుట్టింది. ఇది సమయానికి వెళ్ళిపోవాలని పుట్టింది. ఎప్పుడు వెళ్ళాలో లాక్టిక్, గ్లైకాలిక్ పాళ్ళు మార్చి రసాయనవేత్త ముందే రాసిపెడతాడు.

2022 ఆగస్టులో ఈ ఆసుపత్రి, హైదరాబాద్ ఐఐటీ, కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటర్‌తో కార్నియా ముద్రించామని ప్రకటించాయి. సిరా ఎక్కడిదంటే, దానంగా వచ్చి మార్పిడికి పనికిరాని మనిషి కార్నియాలదే. కణాలన్నీ కడిగేసి, మిగిలిన కొల్లాజెన్‌ని జెల్‌గా మార్చి, దానిలో కొత్త కణాలు కలిపి ముద్రించారు. కుందేలు కంట్లో పెట్టి చూశారు. ఇంతకుముందు పక్కన పెట్టే కళ్ళు ఇప్పుడు ముడిసరుకు కావడం నాకు చాలా నచ్చింది. కానీ రసవిమర్శకుడిగా నేను చూసేది ఒక్క చోటు. జెల్‌గా మారిన కొల్లాజెన్‌కి మారిస్ చెప్పిన వరుస ఉండదు. అప్పుడది విఖ్తెర్లె జెల్ దారిలో, గదుల్ని చిన్నవి చేసుకుని, తేటగా ఉంటుంది. లోపల నాటిన కణాలు బతికి తమ సొంత కొల్లాజెన్‌ని నేయడం మొదలుపెట్టినప్పుడు అవి ఏ దారి పడతాయన్నదే ప్రశ్న. గాయం మానేటప్పుడు నేసినట్టు చిందరవందరగా నేస్తే మచ్చ పడుతుంది. పిండదశలో నేసినట్టు, పోగుకీ పోగుకీ ఒకే దూరం పాటించి నేస్తే, ఆ పొర ఒక దారి వదిలి ఇంకో దారికి, అస్తవ్యస్తపు తేటదనం నుంచి క్రమపు తేటదనానికి, మధ్యలో మసకబారకుండా మారాలి. అచ్చైన మొదటి రోజు అది ఎంత తేటగా ఉందన్నదానికంటే ఆరు నెలలకి, ఏడాదికి, రెండేళ్ళకి ఎలా ఉందన్న ఫలితాల కోసమే నేను ఎదురుచూస్తున్నాను.